ఎడారి చమురునకు లెక్క అడిగిన మంత్రి: అబ్దుల్లా తరీకీ

పంట పండించినవానికి పంట ధరను కట్టు అధికారము లేనిచో, వాని కష్టము ఎంతటిదైనను ఫలము పరుల పాలగును. ఇది పల్లెటూళ్ళ ధాన్యపు కొట్ల దగ్గర ఎల్లరును ఎరిగిన సత్యము. ఇరువదవ శతాబ్దిలో రాజ్యముల నడుమ సాగిన చమురు వ్యాపారమునకును ఈ సత్యమే వర్తించెను. భూమి ఒకరిది, దానిని త్రవ్వు యంత్రము మరియొకరిది. త్రవ్వి తీసిన సరకునకు ధర కట్టువాడును, దానిని కొనువాడును, ఓడలలో తరలించువాడును, శుద్ధిచేసి అమ్మువాడును ఆ రెండవవాడే. ఇట్టి ఏర్పాటులో భూమి గలవాని న్యాయమైన వాటా ఎంత?

ఈ ప్రశ్నను లెక్కలతో, శాస్త్రజ్ఞానముతో, వెరపు లేక అడిగిన అరబ్బులలో ప్రథమగణ్యుడు అబ్దుల్లా తరీకీ. ఆయన రాజవంశమున పుట్టినవాడు కాడు. సేనలను నడిపినవాడు కాడు. చదివినది భూగర్భశాస్త్రము, చేసినది ప్రభుత్వోద్యోగము. మంత్రిపదవిలో ఉన్నది పదునైదు నెలలు మాత్రమే. అయినను పెట్రోలియము ఎగుమతి దేశముల సంస్థకు, అనగా నేడు ప్రపంచమంతయు ఎరిగిన ఒపెక్‌నకు, పునాది వేసిన ఇరువురిలో ఒకడుగా ఆయన పేరు చరిత్రలో నిలిచినది.

బిడారుల ఇంటి బిడ్డ

అరేబియా ద్వీపకల్పపు నడిబొడ్డున నెజ్ద్ అను పీఠభూమి కలదు. ఆ ప్రాంతమందలి జుల్ఫీ అను ఊరిలో 1918 ప్రాంతమున తరీకీ జన్మించెను. ఆనాటికి సౌదీ అరేబియా యను పేరుగల రాజ్యమే లేదు. ఇబ్న్ సౌద్ రాజు వేరువేరు ప్రాంతములను జయించి, ఒక్కటిగా కూర్చి, 1932లో ఆ పేరిట రాజ్యమును ప్రకటించెను. తరీకీ తండ్రి ఒంటెల యజమాని. తన దేశమునకును కువాయిట్ రేవునకును నడుమ సరకుల బిడారులను నడిపించి జీవించువాడు. ఇసుక మీద నడచు ఒంటెల అడుగులే తప్ప, ఇసుక క్రింద దాగిన సంపద సంగతి ఆ తరమువారికి తెలియదు.

బాలుడు కువాయిట్‌లో చదువునకు మొదలిడి, పిమ్మట కైరో నగరము చేరెను. అచ్చట పండ్రెండేండ్ల కాలము విద్యార్థిగా గడపెను. ఆ నగరము ఆనాడు అరబ్బు ప్రపంచమునకు విద్యాకేంద్రము. జాతీయోద్యమమునకును అదియే పుట్టినిల్లు. విదేశీయుల ఆధిపత్యమును ఎదిరించు మాటలు విద్యాలయములలోను వీధులలోను వినవచ్చుచుండెను. తరీకీ మనస్సులో జాతీయభావము నాటుకొన్నది ఈ వాతావరణములోనే. భూగర్భశాస్త్రము, రసాయనశాస్త్రములలో ఆయన అచ్చటనే పట్టమును పొందెను.

ఆయన చదువుకొనుచున్న కాలముననే స్వదేశములో ఒక గొప్ప మార్పు వచ్చెను. ఆనాటి రాజ్యమునకు ముఖ్యమైన ఆదాయము మక్కాకు వచ్చు యాత్రికుల వలననే. 1930 తరువాత ప్రపంచమంతటను ఆర్థిక మాంద్యము అలముకొనగా యాత్రికులు తగ్గిరి, ఖజానా వట్టిపోయెను. అందుచేత 1933లో రాజు కాలిఫోర్నియా స్టాండర్డ్ ఆయిల్ అను అమెరికా కంపెనీకి చమురు వెదకి తీయు హక్కును 60 ఏండ్ల గడువునకు ఒసగెను. అందులకు తొలుత చేతికి వచ్చినది 35,000 బంగారు పౌనులు. అయిదేండ్లు శ్రమించిన పిమ్మట 1938 మార్చిలో దమ్మాము దగ్గరి 7వ నంబరు బావి నుండి చమురు సమృద్ధిగా పొంగెను. బంగారు పౌనుల కొరకు వ్రాసియిచ్చిన ఆ పత్రము ఎంతటి నిధికి తాళపుచెవియో అప్పుడు లోకమునకు తెలియవచ్చెను.

టెక్సాసు నేర్పిన పాఠములు

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట తరీకీ అమెరికాకు పోయి, టెక్సాసు విశ్వవిద్యాలయములో చమురు భూగర్భశాస్త్రమును అభ్యసించి 1947లో ఉన్నత పట్టమును పొందెను. కొంతకాలము టెక్సాకో కంపెనీలో పని నేర్చుకొనెను. బావి ఎట్లు త్రవ్వుదురో, నేల లోపలి పొరలను ఎట్లు గుర్తింతురో, ఒక చమురు క్షేత్రము విలువను ఎట్లు లెక్కకట్టుదురో ప్రత్యక్షముగా చూచెను.

టెక్సాసు ఆయనకు మరి రెండు పాఠములను గూడ నేర్పినది. మొదటిది చేదైన పాఠము. ఆ రాష్ట్రమున వర్ణవిచక్షణ ప్రబలముగా ఉన్న రోజులవి. తరీకీని మెక్సికో దేశీయుడని పొరబడి కొన్ని పానశాలల నుండియు, ఇతర స్థలముల నుండియు బయటికి పంపివేసిరి. విద్యలో తమతో సమానుడైనవానిని ముఖవర్ణమును బట్టి గడప దాటనీయని సమాజమును ఆయన కన్నులార చూచెను. ఆ అవమానము ఆయన మరచినది కాదు.

రెండవ పాఠము ఆయన భావిజీవితమునకు దారి చూపినది. 1931 ప్రాంతమున తూర్పు టెక్సాసులో చమురు మితిమీరి ఉత్పత్తియై పీపా ధర 10 సెంట్లకు పడిపోగా, ఆ రాష్ట్ర ప్రభుత్వ సంఘమొకటి కలుగజేసికొని, ఏ బావి నుండి రోజునకు ఎంత తీయవలెనో నిర్ణయింప మొదలిడెను. పూర్వము రైలుమార్గముల పర్యవేక్షణకై ఏర్పడినది కావున దానికి రైల్‌రోడ్ కమిషన్ అను పేరే నిలిచిపోయెను. ఉత్పత్తిని అదుపులో నుంచినచో ధర నిలకడగా ఉండుననియు, భూగర్భసంపద వృథా కాదనియు ఆ సంఘము ఋజువు చేసెను. అమెరికాలోని ఒక రాష్ట్రము తన చమురు విషయమున చేయగలిగిన పనిని చమురు దేశములన్నియు కలిసి ఏల చేయరాదు? ఈ ఆలోచనయే తరువాతి కాలమున ఒపెక్‌నకు బీజమైనది.

లెక్కల పుస్తకముల ముందు

1948లో తరీకీ స్వదేశమునకు తిరిగివచ్చెను. అప్పటికి చమురు హక్కు అరాంకో అను సంస్థ చేతిలో నుండెను. కాలిఫోర్నియా స్టాండర్డ్, టెక్సాకో, న్యూజెర్సీ స్టాండర్డ్, సోకోనీ-వాక్యూమ్ అను నాలుగు అమెరికా కంపెనీలు దానికి యజమానులు. దహ్రానులో అమెరికా ఉద్యోగులకు చల్లని యంత్రములతో, పచ్చిక బయళ్ళతో ఒక చిన్న పట్టణమే వెలసెను. అరబ్బు కార్మికుల వసతులు అందులకు దూరముగా, హీనముగా ఉండెను. 1953లో ఆ కార్మికులు వేలసంఖ్యలో సమ్మెచేసిరి. టెక్సాసులో చూచిన విభజనయే తన నేల మీదను తరీకీకి కనబడెను.

1950 డిసెంబరులో కుదిరిన ఒడంబడిక ప్రకారము లాభములో సగము ప్రభుత్వమునకు, సగము కంపెనీకి చెందవలెను. పైకి చూడగా ఇది న్యాయమైన పంపకమే. కాని సగము అనునది దేనిలో సగము? ప్రభుత్వపు లెక్కలను చూచు ఉద్యోగములో చేరిన తరీకీ ఈ ప్రశ్ననే పట్టుకొనెను.

చమురునకు కంపెనీ ఒక ధరను ప్రకటించును. ఆ ప్రకటిత ధరలో ఖర్చులు పోగా మిగిలినది లాభము; దానిలో ప్రభుత్వమునకు సగము. కాని చమురును కొనువారు ఎవరు? అరాంకో యజమానులైన ఆ నాలుగు కంపెనీలే. అరాంకో తన యజమానులకు తక్కువ ధరకు అమ్మినచో, లాభము అరేబియాలో తగ్గును. ఓడలలోను, శుద్ధి కర్మాగారములలోను, దూరదేశపు అంగళ్ళలోను పెరుగును. ఆ పెరిగిన లాభము మీద సౌదీ ప్రభుత్వమునకు హక్కు లేదు. కొలుచువాడును, ధర కట్టువాడును, కొనువాడును ఒక్కడే అయినప్పుడు సగపాలు అను మాట కాగితము మీది మాట మాత్రమే యని తరీకీ గ్రహించెను.

1950-60 నడిమి సంవత్సరములలో ఆయన చమురు, ఖనిజ వ్యవహారముల శాఖకు అధిపతియాయెను. చదువుకొన్న యువకులను చేరదీసెను. అంకెలను సేకరించెను. ఫ్రాంక్ హెండ్రిక్స్ అను అమెరికా న్యాయవాదిని సలహాదారుగా నియమించుకొనెను. అరేబియా నుండి మధ్యధరా తీరము వరకు ఎడారి మీదుగా వేసిన గొట్టపుమార్గము సంపాదించు లాభములో వాటా ఏదియని అడిగెను. చమురును తీయుట మాత్రమే గాక, తరలించుట, శుద్ధిచేయుట, అమ్ముట యను అన్ని దశలలోను దేశమునకు భాగము ఉండవలెనని వాదించెను. అంతవరకు కంపెనీ చెప్పిన లెక్కయే లెక్కగా చెల్లినది. ఇప్పుడు ఎదుట కూర్చున్నవాడు వారి విశ్వవిద్యాలయములో చదివినవాడు, వారి కంపెనీలో పని నేర్చినవాడు, వారి భాషలోనే వారిని ప్రశ్నించువాడు. దుబాసీ అవసరము తీరిపోయెను.

1957 డిసెంబరులో ఒక జపాను సంస్థతో కుదిరిన ఒప్పందము తరీకీ వాదమునకు బలమిచ్చెను. సౌదీ అరేబియాకును కువాయిట్‌నకును ఉమ్మడియైన ప్రాంతపు సముద్రగర్భములో చమురు వెదకుటకు ఆ సంస్థ సౌదీ ప్రభుత్వమునకు లాభములో 56 పాళ్ళు ఇచ్చుటకు ఒప్పుకొనెను. నూటికి ఏబది యనునది దేవుడు వ్రాసిన వ్రాత కాదని దీనితో తేలిపోయెను. 1960 జనవరిలో ఆ సంస్థకు చమురు దొరకెను. అంతకు ముందే, 1959లో, అరాంకో పాలకవర్గములో తొలిసారిగా ఇరువురు సౌదీలకు స్థానము కలిగెను. వారిలో తరీకీ ఒకడు.

కైరోలో కలిసిన ఇరువురు

1959 ఫిబ్రవరిలో చమురు కంపెనీలు పీపా ప్రకటిత ధరను 2 డాలర్ల 8 సెంట్ల నుండి 1 డాలరు 90 సెంట్లకు తగ్గించినవి. చమురు దేశములతో ఒక్క మాటయైనను సంప్రతింపలేదు. ప్రపంచ విపణిలో చమురు ఎక్కువై, అసలు అమ్మకపు ధరలు పడిపోవుచున్నవనియు, ఆ నష్టమును తామొక్కరమే భరింపజాలమనియు కంపెనీల వాదము. ఆ వాదములో కొంత నిజము లేకపోలేదు. కాని ధర 10 సెంట్లు తగ్గినచో దేశమునకు పీపాకు 5 సెంట్ల ఆదాయము పోవును. రోజునకు 10 లక్షల పీపాలు తీయు దేశమునకు అది దినమునకు 50,000 డాలర్ల నష్టము. బడులు, ఆస్పత్రులు, బాటలు ఆ ఆదాయము మీదనే ఆధారపడియున్నవి. ఒక దేశపు ఆదాయవ్యయ పట్టికను దూరదేశమందలి వ్యాపారులు ఒక్క ప్రకటనతో తారుమారు చేయవచ్చునా యనునది తరీకీ ప్రశ్న.

ఆ ఏప్రిలులో కైరో నగరమున తొలి అరబ్బు పెట్రోలియము మహాసభ జరిగెను. ప్రజాక్షేమము కోరినచో సార్వభౌమాధికారము గల రాజ్యము పాత ఒప్పందములను సవరింపవచ్చునని హెండ్రిక్స్ అచ్చట వాదించి కంపెనీల ప్రతినిధులను కలవరపరచెను. కాని చరిత్ర నడకను మార్చిన సంగతి సభాభవనమున జరుగలేదు. వాండా యబ్లాన్‌స్కీ అను అమెరికా పత్రికారచయిత్రి తరీకీకి ఒక అతిథిని పరిచయము చేసెను. ఆ అతిథి వెనిజులా దేశపు చమురు మంత్రి యువాన్ పాబ్లో పేరెజ్ అల్ఫాన్జో.

ఇరువురి స్వభావములు వేరు. పేరెజ్ అల్ఫాన్జో న్యాయవాది, శాంతస్వభావుడు, వయస్సున పెద్దవాడు. సైనిక పాలన కాలమున పది సంవత్సరములు దేశాంతరవాసము అనుభవించినవాడు. తరీకీ శాస్త్రజ్ఞుడు, ఉద్రేకి, మాటను దాచుకొననివాడు. అయినను ఇరువురి ఆలోచన ఒక్కటే. చమురు ఒకసారి తీసినచో మరల పుట్టనిది; దానిని చౌకగా పారబోయుట రాబోవు తరములకు ద్రోహము. వెనిజులా మంత్రి సైతము వాషింగ్టనులో ప్రవాసమున నున్నప్పుడు టెక్సాసు సంఘపు విధానమును శ్రద్ధగా పరిశీలించినవాడే.

కైరో శివారులోని మాదీ అనుచోట, ఎవరికిని అనుమానము రాకుండ, చమురు దేశముల ప్రతినిధులు కొందరు రహస్యముగా సమావేశమైరి. ధరల విషయమున తమను సంప్రతింపవలెననియు, ప్రభుత్వముల వాటా నూటికి అరువదికి పెరుగవలెననియు, చమురు పరిశ్రమలో ప్రభుత్వములు స్వయముగా పాల్గొనవలెననియు, పరస్పరము సంప్రతించుకొనుటకు ఒక సంఘము ఉండవలెననియు అనుకొనిరి. అది ప్రభుత్వముల మధ్య జరిగిన సంధి కాదు. పెద్దమనుషుల ఒప్పందము మాత్రమే. 1960 మే నెలలో తరీకీ వెనిజులాకు పోయి పేరెజ్ అల్ఫాన్జోతో కలిసి ఒక ఉమ్మడి ప్రకటన చేసెను. విత్తు నాటబడినది, వాన పడవలసియున్నది.

బాగ్దాదు నగరమున

ఆ వానను కురిపించినవి కంపెనీలే. దానికి ముందు జరిగిన ఒక సంగతితో భారతదేశమునకును, ఆంధ్రదేశమునకును సంబంధము కలదు. సోవియట్ రష్యా చౌకధరకు భారతదేశమునకు ముడిచమురు ఇచ్చెదనని 1960లో ముందుకు వచ్చెను. అప్పుడు దేశములో పెద్ద శుద్ధి కర్మాగారములు బొంబాయిలోను విశాఖపట్టణములోను ఉండెను. అవి విదేశీ కంపెనీలవి. విశాఖలోని కర్మాగారము 1957లో ప్రారంభమైన కాల్టెక్స్ వారిది. కాల్టెక్స్ యజమానులు కాలిఫోర్నియా స్టాండర్డు, టెక్సాకో. అనగా అరేబియా చమురు హక్కును మొదట చేజిక్కించుకొన్న రెండు కంపెనీలే. రష్యా చమురును శుద్ధిచేయుటకు ఈ కంపెనీలు అంగీకరింపలేదు. కాని ఆ పోటీకి తట్టుకొనుటకు భారతదేశమునకు అమ్ము చమురు ధరను తగ్గింపవలసి వచ్చెను. కొనుగోలుదారునకు ఇది మేలు. చమురు పుట్టిన దేశమునకు కీడు. పేద దేశములు రెండును త్రాసు రెండు తట్టలలో నుండగా, త్రాసు మాత్రము కంపెనీల చేతిలో నుండెను.

1960 ఆగస్టు 9వ తేదీన న్యూజెర్సీ స్టాండర్డ్ కంపెనీ ప్రకటిత ధరను మరల తగ్గించెను. తక్కిన కంపెనీలును ఆ దారినే పట్టెను. తుదకు అరేబియా తేలికరకపు చమురు ధర 1 డాలరు 80 సెంట్లకు దిగెను. ఈసారియు సంప్రతింపు లేదు. తరీకీ తక్షణమే పేరెజ్ అల్ఫాన్జోకు తంతి పంపెను. 1958 విప్లవము పిదప అధికారములోనికి వచ్చిన ఇరాకు ప్రభుత్వము చమురు దేశములను బాగ్దాదునకు ఆహ్వానించెను.

సెప్టెంబరు 10వ తేదీన ఇరాను, ఇరాకు, కువాయిట్, సౌదీ అరేబియా, వెనిజులా అను అయిదు దేశముల ప్రతినిధులు ఆ నగరమున సమావేశమైరి. ప్రపంచమున ఎగుమతి యగు ముడిచమురులో నూటికి 80 పాళ్ళకు మించి ఈ అయిదు దేశములదే. వారిలో వారికి పొరపొచ్చెములు లేకపోలేదు. ఇరానునకును అరబ్బులకును, రాజులకును విప్లవకారులకును పొసగని కాలమది. అయినను కంపెనీలు చేసిన పని వారినందరను ఒక బల్ల చుట్టు కూర్చుండబెట్టెను. సెప్టెంబరు 14వ తేదీన ఒపెక్ అవతరించెను. ధరలను పూర్వస్థితికి తెచ్చుటకు యత్నింపవలెననియు, ఇకమీదట తమను సంప్రతింపక ధర మార్చరాదనియు తీర్మానించిరి. కంపెనీలు ఒక దేశము మీద కక్షగట్టి, మరియొక దేశమునకు ఆశచూపినచో ఆ రెండవ దేశము దానిని స్వీకరింపరాదని గూడ నియమము చేసికొనిరి. ఈ తుది నియమమే ఐకమత్యమునకు ఆయువుపట్టు.

కంపెనీలు ఆ సంస్థను లెక్కచేయలేదు. దానిని గుర్తింపక ఒక్కొక్క దేశముతో విడిగానే మాటలాడసాగినవి. అయితే ఒక్క మార్పు మాత్రము అందరికిని కనబడెను. మరల ప్రకటిత ధరను తగ్గించుటకు ఏ కంపెనీయు సాహసింపలేదు. 1 డాలరు 80 సెంట్ల ధర పదేండ్లపాటు అట్లే నిలిచెను.

పదవియు పతనమును

1960 డిసెంబరులో సౌద్ రాజు పెట్రోలియము, ఖనిజ సంపదలకు ప్రత్యేక మంత్రిత్వశాఖను నెలకొల్పి తరీకీని దానికి మొదటి మంత్రిగా నియమించెను. బిడారుల ఇంటి బిడ్డ నలువది యొకటి రెండేండ్ల వయస్సున దేశపు ఏకైక నిధికి కాపరి యాయెను. అంతకు రెండు మాసములకు ముందు బీరూటులో జరిగిన రెండవ అరబ్బు మహాసభలో, కంపెనీలు ధరల కట్టుబాటు ద్వారా మధ్యప్రాచ్య దేశములకు ఏడేండ్లలో 500 కోట్ల డాలర్లకు మించి నష్టము కలిగించినవని ఆయన ఆరోపించియుండెను. కంపెనీలు ఆ లెక్కను ఖండించినవి. పాశ్చాత్య పత్రికలు ఆయనకు ఎర్ర షేకు అను పేరు పెట్టినవి. నిజమునకు ఆయన కమ్యూనిస్టు కాడు, అరబ్బు జాతీయవాది.

అయితే మంత్రికి కంపెనీలకంటె దగ్గరలోనే ముప్పు పొంచియుండెను. ఆనాడు రాజకుటుంబములో సౌద్ రాజునకును, ఆయన తమ్ముడును యువరాజునగు ఫైసలునకును అధికారము కొరకు పోరు సాగుచుండెను. రాజ్యాంగబద్ధమైన సంస్కరణలు కోరిన కొందరు యువ రాజకుమారులు సౌద్ పక్షమున చేరిరి. తరీకీ వారితో సన్నిహితుడు. ప్రజల సంపదకు లెక్క ఉండవలెనని కంపెనీలను అడిగినవాడు ప్రభుత్వ వ్యయమునకు లెక్క ఉండవలెనని కోరుట సహజమే. కాని రాజాస్థానమున ఆ రెండవ కోరిక మొదటిదానికంటె ప్రమాదకరమైనది. పైగా మాటలో మెత్తదనము ఆయనకు అలవాటు లేదు. రాజ్యతంత్రములో నిజము చెప్పుటకును సమయము చూడవలెనను నీతిని ఆయన ఎన్నడును పాటింపలేదు.

తుదకు ఫైసల్ పక్షము బలపడెను. 1962 మార్చిలో జరిగిన మంత్రివర్గ మార్పులో తరీకీ పదవి పోయెను. ఆ స్థానమున అహ్మద్ జకీ యమానీ అను యువ న్యాయవాది నియమితుడాయెను. తరీకీ దేశము విడిచిపోయెను. ఒపెక్ పుట్టి అప్పటికి రెండేండ్లైనను నిండలేదు.

పరదేశమున సలహాదారు

పదవి పోయినంత మాత్రమున పని ఆగలేదు. తరీకీ బీరూటు నగరమున కాపురముండి, నికొలస్ సర్కిస్ అను ఆర్థికశాస్త్రజ్ఞునితో కలిసి చమురు విషయములలో సలహాలిచ్చు కార్యాలయమును తెరచెను. అరబ్బుల చమురును గూర్చి ఒక పత్రికను నడపెను. అల్జీరియా, లిబియా వంటి దేశముల ప్రభుత్వములు ఆయన సలహాను కోరినవి. ఒప్పందపు పత్రము ఎట్లు చదువవలెనో, కంపెనీ చూపిన ఖర్చు నిజమైనదో కాదో ఎట్లు తేల్చవలెనో కొత్తగా స్వతంత్రము పొందిన ప్రభుత్వములకు తెలియదు. ఆ విద్య తెలిసిన అరబ్బులు ఆనాడు వ్రేళ్ళ మీద లెక్కింపదగినంతమంది.

సంపూర్ణ జాతీయీకరణమే తగిన మార్గమని తరీకీ వాదించెను. ఆయన స్థానమున కూర్చున్న యమానీ మార్గము వేరు. కంపెనీలను వెళ్ళగొట్టక, వానిలో మెల్లమెల్లగా వాటా కొనుచు పోవలెనని ఆయన నిశ్చయము. ఒకరిది గండికొట్టు విధానము. మరియొకరిది తూము తెరచు విధానము. తుదకు నీరు ఒక్క పొలమునకే చేరెను. 1971లో అల్జీరియా తన చమురులోని ఫ్రెంచి కంపెనీల ఆస్తిలో 51 పాళ్ళను స్వాధీనము చేసికొనెను. 1972లో ఇరాకు చమురు కంపెనీని జాతీయము చేసెను. సౌదీ అరేబియా 1973లో అరాంకోలో నాలుగవ వంతును, 1974లో నూటికి 60 పాళ్ళను, 1980 నాటికి మొత్తమును తనదిగా చేసికొనెను. తరీకీ కోరినది జరిగెను. కాని దానిని జరిపించిన చేయి ఆయనది కాదు.

అయిదు దేశములతో మొదలైన ఒపెక్‌లో కతారు, ఇండొనీసియా, లిబియా, అబుదాబి, అల్జీరియా ఒకదాని వెనుక నొకటి చేరెను. 1971లో ఆఫ్రికా ఖండమందలి నైజీరియాయు చేరెను. 1973 అక్టోబరులో అరబ్బులకును ఇజ్రాయెలునకును యుద్ధము జరుగుచుండగా చమురు దేశములు తొలిసారిగా తమంతట తాము ధరను నిర్ణయించినవి. పదమూడేండ్లకు ముందు 1 డాలరు 80 సెంట్లుగా నున్న ప్రకటిత ధర 1974 జనవరి నాటికి 11 డాలర్ల 65 సెంట్లాయెను. ధర కట్టు అధికారము చేతులు మారెను. అయితే ఆ భారము సంపన్న దేశముల మీదనే గాక, చమురు కొనవలసిన భారతదేశము వంటి పేద దేశముల మీదను పడినది. ఒకరి న్యాయము మరియొకరికి భారమగుట ఈ చరిత్రలోని విషాదము.

చివరి దినములు

1975లో ఫైసల్ రాజు మరణించి ఖాలిద్ రాజైన పిమ్మట తరీకీకి స్వదేశ ప్రవేశము లభించెను. ఆయన తిరిగివచ్చి కొంతకాలము రియాదులో నివసించెను. మరల ఏ పదవియు ఆయనకు దక్కలేదు. చివరకు తాను విద్యార్థిగా యౌవనము గడపిన కైరో నగరముననే 1997 సెప్టెంబరులో కన్నుమూసెను.

ఆయన మిత్రుడు పేరెజ్ అల్ఫాన్జో అంతకు చాల ముందే, 1979లో, మరణించెను. చమురు తెచ్చిన ధనము తన దేశమున దుబారాను, అవినీతిని పెంచుట చూచి ఆ వృద్ధుడు చివరి దినములలో మిక్కిలి వగచెను. ఇంజనులో నూనె పోయకుండ నడపుటచే పాడైపోయిన తన పాత సింగర్ కారును, అది త్రుప్పు పట్టుచుండగా, ఇంటి తోటలో అట్లే ఉంచుకొనెను. చమురు ధనమునకు అదియే గుర్తని ఆయన భావము. న్యాయమైన ధరను సాధించుటయు, వచ్చిన ధనమును న్యాయముగా వినియోగించుటయు రెండు వేరువేరు కార్యములని ఆ ఇరువురి జీవితములును చెప్పుచున్నవి. మొదటి కార్యము నెరవేరెను. రెండవ కార్యమునకు లెక్క అడుగబోయిన తరీకీ పదవినే కోల్పోయెను.

తరీకీ లోపములు లేనివాడు కాడు. ఓర్పు తక్కువ, మాట కరకు. మిత్రులను కూడగట్టుకొనుటకంటె శత్రువులను తెచ్చుకొనుట ఆయనకు సులభము. కొంత నెమ్మది యున్నచో పదవిలో మరికొంతకాలము నిలిచియుండెడివాడేమో. కాని ఆ నెమ్మది గలవారు అంతకు ముందును పలువురు ఉండిరి. వారెవరును లెక్క అడుగలేదు.

విద్య యెందులకను ప్రశ్నకు తరీకీ జీవితము ఒక సమాధానము. పరదేశపు విశ్వవిద్యాలయములో నేర్చిన శాస్త్రమును ఆయన అదే దేశపు కంపెనీలో పెద్ద జీతమునకు అమ్ముకొని సుఖముగా బ్రతుకవచ్చును. అట్లు చేయక, ఒప్పందపు పత్రములలోని అంకెల వెనుక దాగిన అన్యాయమును తన ప్రజలకు చదివి వినిపించుటకు ఆ విద్యను వినియోగించెను. ఎడారి క్రింది చమురును కనుగొన్నవారు వేరు. ఆ చమురు ఎవరిదో, దాని వెల యెంతయో అడుగవచ్చునని అరబ్బులకు నేర్పినవాడు తరీకీ.